గిట్ట మీది నంబరు

జనవరి ఇరవై దాటిందంటే
పాతూర్లో మా అంగడికి మిలిటరీ వాసనొస్తుంది.
ఇనుప పెట్టెల్లోంచి లేచొచ్చిన కోట్లు, కలరా ఉండలు,
బ్రాసో పూసి తుడిచిన గుడ్డపీలికలు.
రిబ్బన్ల వరుస మా నాయన నేర్పినాడు నాకు,
గుండీల పక్కకు ఏది, భుజం పక్కకు ఏది.
అది తప్పితే సుబేదారు నోటికన్నా
సూదిపోటే మేలనేవాడు.

రంగుల్ని బట్టి మనిషిని చదువుతా.
ఇది తొమ్మిదేండ్ల నౌకరీ.
ఇది ఇసుకదిబ్బల కాపలా.
ఇది దేశానికి యాభై ఏండ్లు నిండిన పొద్దు
జీతం పట్టీలో పేరున్న ప్రతోనికీ
పెండ్లి తాంబూలం మాదిరి అందింది.

బెళుగుప్ప నుంచి బీరలింగప్ప వచ్చినాడు.
కంచరగాడిదల కంపెనీలో పద్దెనిమిదేండ్లు.
బల్ల మీద రెండే మెడళ్ళు పెట్టి
"నడుము కాడ రెండంగుళాలు వదులు చెయ్యమ్మా" అన్నాడు.

మంచుకొండ మెడల్ లేదేమని
నేను అడగకుండా ఉండాల్సింది.

"పైన తొంభై రోజులుండాలమ్మా.
నావి ఎనభై ఎనిమిది.
మర్నాడు కోడికూతకు దానికి కడుపునొప్పి లేసింది.
గిట్ట మీద కాల్చిన నంబరు, ఏడువందల పన్నెండు.
కాయితాల్లో పేరు ల్యా.
నేను సుంకీ అనేటోణ్ణి.
దించకుంటే చస్తాది, తోలుకొని పో అన్నాడు సాబు.
దించుకొచ్చినా. అది బతికె.
నా లెక్క ఆడికి నిలిచిపాయ."

కాసేపాగి,
"పైన్నే చచ్చింటే ఒక్క రోజైనా చాలంట.
కాలు తెగినా చాలంట.
రోజుల లెక్క బతికి దిగినోనికే."
నవ్వినాడు. పండ్ల సందున వక్కాకు ఎరుపు.

మరుసటి వారమే కంపెనీ మొత్తానికీ మెచ్చుకోలు పత్రం,
అద్దం కట్టి మెస్సు గోడకు తగిలించినారంట.
వంటోడు, మంగలి,
మొన్ననే వచ్చి వాంతులు చేసుకున్న పిల్లోడు కూడా
దాని కింద నిలబడి ఫోటో దిగినారు.
ఈయన కింద పశువులాసుపత్రిలో
సుంకి పొట్టకు గోనెపట్ట కప్పుకుంటా
వేరే యూనిట్ రొట్టె తింటా ఉండాడు.
హాజరు ఎవరి పుస్తకంలో ఉంటే
ఆ పూటకు ఆ మనిషి వాళ్ళోడు.

"దానివి మూడు చలికాలాలు.
దానికన్నా రావాల్సిండె.
గిట్టంటే గోరే కదమ్మా,
పెరిగి పెరిగి నంబరు అరిగిపోతాది.
మళ్ళా కాల్చాల."

నేనాయన మెడల్ తిప్పి చూసినా.
అంచు చుట్టూ సన్నంగా చెక్కిన నంబరు,
పక్కన పేరు, అదీ తప్పు.
బిర్లింగ్ పా.

ఆ మంచుకొండ రిబ్బను నా డబ్బాలో మూరెడుంది.
దారం కోసం వెతికితే చేతికి తగిలింది.
ఆయన అడగలే. నేను తియ్యలే.
నూటనలభై అంటే
నూటిరవై చేతిలో పెట్టి పోయినాడు.

ఇరవై ఆరు పొద్దున పరేడ్ గ్రౌండు.
నేను కుట్టిన వరుసలన్నీ కుర్చీల్లో కూర్చుని
ఎండకు మెరుస్తా ఉండాయి.
ఒక కుర్చీ ఖాళీ.

శకటాల కాడ కనిపించినాడు.
ఝాన్సీరాణి వేషం కట్టిన బడిపిల్లను మోస్తున్న
పెండ్లిండ్ల బాడుగ గుర్రం,
దాని కాలు తన తొడ మీద పెట్టుకొని
గిట్టలో మట్టి వేలితో గీకుతా
"నాడా కొట్టించి ఎన్నాళ్ళయిందిరా"
అని గుర్రపోణ్ణి తిడతా ఉండాడు.
అట్టకత్తి పట్టుకున్న రాణి
కిందకి వంగి చూస్తాంది.

జనగణమన మొదలాయ.
కాలు మెల్లగా దించి నిటారుగా నిలబడినాడు.
ఎడమచెయ్యి రూలు ప్రకారం కిందనే ఉంది.
కుడిచెయ్యి మాత్రం
గుర్రం కడుపు మీద.